గోదావరి తీరాన ఒక రాత్రి: పేరుపాలెమా, అంతర్వేదా, ఓడలరేవా, ఉప్పాడా?

భీమవరం, అమలాపురం వాళ్లకు సముద్రం గంట దూరం, కాకినాడ వాళ్లకైతే పక్కనే. అంత దగ్గర కావడం వల్లనే ఏ తీరానికి వెళ్లాలన్నది ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఆదివారం పొద్దున కారులో కూర్చున్నాక ఎవరో ఒకరు పేరుపాలెం అంటారు, బండి అటు తిరుగుతుంది. పొద్దున వెళ్లి చీకటి పడేలోగా ఇంటికి చేరేవాళ్లకు ఆ మాత్రం చాలు. రాత్రి అక్కడే ఉండి, గుడారం వేసుకుని, కెరటాల హోరు వింటూ పడుకుని, తెల్లవారి సూర్యోదయం చూసి రావాలనుకుంటే మాత్రం లెక్క మారుతుంది. స్నానానికి బాగుండే తీరం నిద్రకు పనికిరాదు. చూడడానికి అద్భుతంగా ఉండే చోటు నీళ్లలో దిగితే ప్రాణం తీస్తుంది. ఈ డెల్టాలో రెండూ ఒకేచోట దొరకడం అరుదు.

ఏ తీరం గురించి విన్నా నేను ముందు అడిగేది ఒక్కటే: మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, ఎంత దూరం? రోడ్డు ఎలా ఉంది, గదులు దొరుకుతాయా, తినడానికి ఏముంది అన్నవన్నీ ఆ తర్వాతే.

మొగ లెక్క

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. గన్నవరం దగ్గర వశిష్ఠలోంచి వైనతేయ చీలుతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి యానాం దాటి ఇంకా దిగువకు వెళ్లాక సముద్రంలో పడతాయి. నది సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర నేల ఏ రెండు నెలలూ ఒక్కలా ఉండదు. వరదకు కొట్టుకొచ్చిన ఇసుక తిన్నెగా పడుతుంది. గాలి మారగానే ఆ తిన్నె పక్కకు జరుగుతుంది. జరిగిన చోట గుంట మిగులుతుంది. పైనుంచి చూస్తే అంతా మోకాలి లోతు నీళ్లే, రెండడుగులు ముందుకు వేస్తే మెడ లోతు.

దానికి తోడు ఆటుపోట్లు. పోటు వేళ సముద్రం నదిలోకి ఎక్కుతుంది. పాటు, అంటే నీరు వెనక్కు తీయడం, మొదలవగానే ఎక్కిన నీరంతా, పైనుంచి వచ్చే నది నీటితో కలిసి, ఇరుకు దారిలో సముద్రంలోకి పరుగు తీస్తుంది. ఆ ప్రవాహానికి ఎదురీదడం గజ ఈతగాళ్లకే కష్టం. ఒడ్డున ఒండ్రు పేరుకున్న చోట ఊబి ఉంటుంది, పిల్లలు సరదాగా పరుగెత్తి అందులో దిగబడతారు. అందుకే మొగను కళ్లతో చూడాలి, స్నానానికి అక్కడినుంచి బాగా ఎడంగా, తీరం తిన్నగా సాగే చోటుకు పోవాలి. ఇక్కడి బెస్తవాళ్లు ఇదే చెబుతారు, అడిగితేనే చెబుతారు. "బాబాయి గారూ, ఇక్కడ దిగవచ్చా" అని అడిగిన కుర్రాళ్లకు వల బాగుచేసుకుంటున్న పెద్దమనిషి తల ఎత్తకుండానే, "మొన్నటి పోటుకు అక్కడ గుంట పడింది బాబూ, ఆ పడవల ఇవతలకు రండి" అంటాడు. ఆ ఒక్క మాట ఏ మ్యాపులోనూ దొరకదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. హైదరాబాదు నుంచి వచ్చే బంధువులు ఇక్కడి నీళ్లు చూసి ముఖం చిన్నబుచ్చుకుంటారు. నీలి సముద్రం కావాలంటే ఈ తీరం కాదు. గోదావరి తెచ్చే ఒండ్రు వల్ల నీరు బూడిద రంగులో, వరదల నెలల్లో అయితే అచ్చం టీ రంగులో ఉంటుంది. మురికి కాదది. అయితే అడుగు కనబడదు కాబట్టి లోతు కంటితో అంచనా వేయలేం. ఈ తీరంలో స్నానం విషయంలో ఇంత జాగ్రత్త చెప్పడానికి సగం కారణం అదే.

భక్తి క్యాలెండరు, సముద్రం క్యాలెండరు

మన జనం సముద్రానికి ఎక్కువగా వెళ్లేది కార్తీకంలో. వనభోజనాలు, పౌర్ణమి స్నానాలు, సరుగుడు తోటల్లో వంటలు. సముద్రం బాగా చెడి ఉండేది కూడా సరిగ్గా అప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది, అది కార్తీక మాసమే. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో కొబ్బరి చెట్లను కూకటివేళ్లతో పెకలించింది, వెయ్యి మందికి పైగా చనిపోయారు. నవంబరులో ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో దూరాన అల్పపీడనం ఉంటే ఇక్కడ కెరటం పెరుగుతుంది. కార్తీకంలో వెళ్లాలని మొక్కు ఉంటే వెళ్లండి, పగలు వెళ్లి పగలే రండి. గుడారం ఆలోచన మాత్రం వద్దు.

గుడారానికి సంక్రాంతి తర్వాత నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. గాలి మెత్తబడుతుంది, కెరటం తగ్గుతుంది, రాత్రి చలి దుప్పటితో ఆగిపోతుంది. ఈ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో సూర్యుడు నీళ్లలోంచే పైకి వస్తాడు. మాఘంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశి తీర్థం కూడా అప్పుడే. తీర్థం రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. ప్రశాంతత కోరేవాళ్లు ఆ వారం వదిలేసి వెళ్లాలి.

ఏప్రిల్, మే నెలల్లో పగలు ఇసుక మీద కాలు పెట్టలేం, రాత్రి మాత్రం గాలి హాయిగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మోటారు పడవలతో చేపల వేట నిషేధం. రేవులో ఆ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. తీరం ఖాళీగా, పిల్లలు ఆడుకోవడానికి వీలుగా ఉంటుంది. ఒడ్డున తాజా చేప కొనుక్కుని వండుకుందామనే ఆశ మాత్రం పెట్టుకోవద్దు. జూన్ తర్వాత నైరుతి గాలులు మొదలైతే కెరటాలు పెద్దవవుతాయి, జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదలు. అప్పుడు పులస తినడానికి కోనసీమ రండి, సముద్రాన్ని దూరం నుంచి చూసి పొండి.

పేరుపాలెం

పశ్చిమ గోదావరి వాళ్లకు ఇదే సముద్రం. మొగల్తూరు మండలంలో, నరసాపురం, భీమవరం రెండు వైపుల నుంచీ రోడ్డు ఉంది. వశిష్ఠ మొగ దగ్గరలో లేదు, తీరం తిన్నగా, వెడల్పుగా, ఏటవాలు తక్కువగా సాగుతుంది. కెరటం దూరంగా విరిగి నురగలాగా కాళ్ల దగ్గరకు వస్తుంది. అంగళ్లు, వేడి వేడి చేపల వేపుడు, కొబ్బరి బొండాలు అన్నీ దొరుకుతాయి. పగటి పూట కుటుంబంతో వెళ్లడానికి డెల్టాలో దీన్ని మించిన సౌకర్యం లేదు.

అయినా నీళ్లలో మునిగిపోయిన వార్తలు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడినుంచే. తీరం మరీ చెడ్డదై కాదు. ఆదివారం వచ్చే జనం, అందులో కుర్రాళ్ల గుంపులు, వాళ్ల వెంట వచ్చే సీసాలు. తాగి దిగినవాడికి కెరటం తెలియదు, పక్కవాడికి అతను కొట్టుకుపోతున్నట్టు తెలియదు. పండుగ రోజుల్లో పోలీసులు, ఈతగాళ్లు కాపలా ఉంటారు, మామూలు రోజుల్లో మీకు మీరే కాపలా. మంగళ, బుధవారాల్లో వెళ్తే ఇదే తీరం వేరే ఊరిలా ఉంటుంది.

రాత్రి ఉండడానికి నేను పేరుపాలెం సిఫారసు చేయను. తీరం వెనక రొయ్యల చెరువులు వరసగా ఉన్నాయి. తెల్లవార్లూ చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు, దోమలు. కెరటాల హోరు వినాలని వచ్చి మోటార్ల హోరు వింటూ పడుకోవాలి.

అంతర్వేది

వశిష్ఠ ఎడమ గట్టు చివర, సఖినేటిపల్లి మండలంలో ఉంది. గుడి, ఓడలకు దారి చూపే దీపస్తంభం, గుర్రాలక్క అని పిలుచుకునే అశ్వరూఢాంబిక ఆలయం, ఆపైన నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వేరే ఆలోచన అక్కర్లేదు, ఇటే రావాలి. దర్శనం, భోజనం, వసతి అన్నీ గుడి చుట్టూ నడిచే దూరంలో సర్దుకుంటాయి. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయాక కొత్త రథం చేయించారు, మాఘంలో లాగేది దాన్నే.

అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే రెండు నీళ్ల మధ్య గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. ఇటు నది బరువుగా, జిడ్డుగా కదులుతుంది. అటు సముద్రం తెల్లగా విరుగుతుంది. పాటు వేళ ఆ గీత మీద చిన్న చిన్న కెరటాలు అడ్డదిడ్డంగా, ఎటూ పోకుండా ఉన్నచోటనే లేచి పడుతుంటాయి. చేపల కోసం పక్షులన్నీ ఆ గీత మీదే తిరుగుతాయి. డెల్టా అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే ఇదే పాఠం. చూపించి వెనక్కు తీసుకురండి. మొగ పక్కనే కాబట్టి స్నానానికి ఇది తగదు. సముద్ర స్నానం చేసి తీరాలనుకునే భక్తులు ఊరివాళ్లు చూపించే చోట, జనం ఉన్న వేళ, నడుము లోతు దాటకుండా మూడు మునకలు వేసి పైకి రావాలి.

గుడారం విషయానికి వస్తే, ఊరికి దగ్గరగా వేస్తే ప్రశాంతత ఉండదు, దూరంగా వేస్తే భద్రత ఉండదు. అంతర్వేదిలో రాత్రికి గది తీసుకుని తెల్లవారుజామున తీరానికి నడవడమే మేలు.

ఓడలరేవు

అమలాపురం నుంచి అల్లవరం మీదుగా వచ్చే తీరం ఇది. పక్కనే ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది కాబట్టి రోడ్డు బాగుంటుంది, రాత్రిపూట దూరాన దీపాలు కనిపిస్తాయి. కొందరికి ఆ వెలుగు నచ్చదు, చుక్కలు చూడడానికి వచ్చాం కదా అంటారు. నాకు మాత్రం కుటుంబంతో ఉన్నప్పుడు ఆ వెలుగే ధైర్యం. రిసార్టు ఉంది, గదిలో ఉండి కెరటాల పక్కన గడపాలనుకునేవాళ్లకు డెల్టాలో ఇదే సులువైన చోటు.

పడమర వైపు నడిచేకొద్దీ వైనతేయ మొగ దగ్గరవుతుంది, తీరం వంపు తిరుగుతుంది, ఇసుక మెత్తబడుతుంది. స్నానానికి తూర్పు వైపు, కొమరగిరిపట్నం దిక్కుగా రండి. పొద్దున్నే ఎర్ర పీతలు గుంపులు గుంపులుగా బయటకు వస్తాయి. అడుగు చప్పుడు వినగానే ఇసుక మీద పరిచిన ఎర్ర దుప్పటిని ఎవరో లాగేసినట్టు ఒక్క క్షణంలో మాయమవుతాయి. వాటి కన్నాలున్న చోట గుడారం వేయవద్దు. తడి ఇసుక అక్కడిదాకా ఉన్నట్టే లెక్క, పోటు వస్తే మీ పరుపు కిందకు నీళ్లు వస్తాయి.

ఈత, నిద్ర, భోజనం మూడింటినీ కలిపి చూస్తే నా ఓటు ఓడలరేవుకే. అందం విషయంలో అంతర్వేది, చవక విషయంలో పేరుపాలెం దీన్ని మించుతాయి.

ఎస్.యానాం

పేరు చూసి పుదుచ్చేరి యానాం అనుకుని అటు వెళ్లిపోయేవాళ్లున్నారు. యానాంలో ఉన్నది గౌతమి ఒడ్డు, సముద్రం కాదు. సూరసాని యానాం ఉప్పలగుప్తం మండలంలో, అమలాపురానికి తూర్పు వైపు ఉంది. జనం తక్కువ, సరుగుడు తోటలు, పొడుగాటి ఖాళీ తీరం. గుడారం వేసుకునేవాళ్ల కల ఇలాంటి చోటే. అందుకే ఇక్కడ ఒంటరిగా గాని ఇద్దరే గాని ఉండవద్దు. నాలుగైదుగురు ఉండాలి, ఊళ్లో ఒకరికి చెప్పి ఉండాలి. అంగళ్లు, గదులు ఉంటాయన్న నమ్మకంతో రావద్దు. అన్నీ అమలాపురంలో సర్దుకుని బయల్దేరాలి.

కాకినాడ, ఉప్పాడ, హోప్ ఐలాండ్

కాకినాడ వాళ్ల లెక్క వేరు. గోదావరి తెచ్చే ఇసుక తీరం వెంబడి ఉత్తరానికి కొట్టుకుపోతూ దాదాపు పదహారు కిలోమీటర్ల పొడుగున ఒక దిబ్బ కట్టింది, అదే హోప్ ఐలాండ్. అది అడ్డు ఉండడం వల్ల కాకినాడ అఖాతంలో కెరటం చిన్నది, ఓడలు నిమ్మళంగా లంగరు వేసుకుంటాయి. చిన్న పిల్లలను తీసుకుని సాయంత్రం గాలికి వెళ్లాలంటే కాకినాడ బీచ్ చాలు. కెరటాల కోసం అయితే నిరాశే.

ఆ అడ్డు దాటి ఉత్తరానికి వెళ్లిన ఉప్పాడలో సముద్రం ఊరినే కోస్తోంది. ఇసుక దక్షిణాన ఆగిపోవడంతో ఇక్కడికి రావలసినంత రావడం లేదు, కెరటం నేరుగా గట్టును తింటోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు ముక్కలు ముక్కలుగా పోయాయి, రాళ్లు పోసి ఆపే ప్రయత్నం ఏళ్ల తరబడి సాగుతోంది. తుఫాను వెళ్లిన మర్నాడు ఊరి ఆడవాళ్లు ఇసుకలో బంగారం రేణువుల కోసం వెతుకుతారు, మునిగిన ఇళ్లవి, గుళ్లవి అని నమ్మకం. కాకినాడ నుంచి ఉప్పాడ దాకా సముద్రం పక్కన సాగే రోడ్డు మీద బండి నడపడం గొప్ప అనుభవం. ఉప్పాడలో జాందానీ నేత చూడండి, నచ్చితే చీర కొనండి, ఆ పక్కనే చేపల వేలం చూడండి. నీళ్లలో దిగడానికి, పడుకోవడానికి ఈ తీరం కాదు. రాళ్ల మీద కెరటం ఒక్కసారి విసిరితే ఎముకలు మిగలవు.

హోప్ ఐలాండ్ కోరింగ అభయారణ్యంతో ముడిపడిన చోటు, అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ గుడారం మాట ఎత్తవద్దు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది అక్కడే. డెల్టా తీరంలో మిగతా చోట్లకూ అవి వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఏ తీరంలో ఉన్నా పెద్ద లైట్లు సముద్రం వైపు వేయవద్దు. పైకి వస్తున్న తల్లి వెనక్కు పోతుంది, గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రమనుకుని మీ లైటు వైపు నడుస్తాయి.

గుడారమా, గదా, డిండా?

ఇంతకీ గుడారం అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ తీరంలో నీటి సదుపాయం, మరుగుదొడ్డి, కాపలా ఉండే క్యాంపింగ్ స్థలాలను నమ్ముకుని బయల్దేరవద్దు. గుడారం అంటే అన్నీ మీరే చూసుకోవడం. అది మీకు సరదా అయితే వేయండి, ఫోటోల కోసమైతే గది తీసుకోండి. ఆడవాళ్లు, చిన్న పిల్లలు ఉన్న గుంపుకు మరుగుదొడ్డి లేని రాత్రి ఎంత కష్టమో మగవాళ్లకు అర్థమయ్యేసరికి తెల్లవారుతుంది.

మధ్యే మార్గం కావాలంటే డిండి ఉంది. రాజోలు వైపు వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు, కొబ్బరి తోటలు, నది మీద హౌస్‌బోట్లు. కెరటాలుండవు, హోరుండదు. రాత్రి డిండిలో పడుకుని తెల్లవారుజామున అంతర్వేది వెళ్లి సూర్యోదయం చూసి రావడం పెద్దవాళ్లతో, పసిపిల్లలతో వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా మంచి పథకం. సముద్రం పక్కన పడుకున్నట్టు ఎలా అవుతుంది అంటారా, అవదు. నిద్ర మాత్రం పడుతుంది.

గుడారమే కావాలనుకుంటే చోటు ఎంపికలోనే సగం పని అయిపోతుంది. వెలుగుండగానే చేరుకోండి. తీరంలో ఎండిన గడ్డి, కొబ్బరి మట్టలు, గవ్వలు ఒక వరసగా పడి ఉంటాయి, పోటు వచ్చి ఆగిన గీత అది. అలాంటి గీతలు రెండు మూడు కనిపిస్తే అన్నిటికన్నా పైనున్నదే లెక్క. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు ఇంకా పైకి వస్తుంది. ఏటవాలు తక్కువున్న ఈ ఇసుక మీద నీరు మీటరు ఎత్తు పెరిగినా అడ్డంగా పదుల మీటర్లు పాకుతుంది. ఊదా పూల తీగ అల్లుకున్న చోటు, రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్లగడ్డి పెరిగిన చోటు దాటాక గుడారం వేయండి. మొక్క బతికిన చోటికి ఉప్పునీరు తరచుగా రాదు. ఆ గడ్డి కాయలు ముళ్ల బంతుల్లా గాలికి ఇసుక మీద దొర్లుతూ పోతుంటాయి, పిల్లలు వాటి వెంట పడతారు, చెప్పులు వేసుకోమనండి.

ఇసుకలో మామూలు మేకులు నిలవవు. ఒక కొబ్బరి డొక్కకు తాడు కట్టి మోచేతి లోతు గుంట తీసి పాతిపెట్టి, మీద ఇసుక తొక్కండి. ఇక్కడ డొక్కలకు కరువు లేదు, ఈ పద్ధతికి ఖర్చూ లేదు. పగలు గాలి సముద్రం మీదనుంచి వస్తుంది, అర్ధరాత్రి దాటాక నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. సాయంత్రం గాలి చూసి గుడారం తలుపు సముద్రం వైపు పెడితే అర్ధరాత్రి తర్వాత లోపల ఉక్కపోత, దోమలు. రెండు వైపులా జాలీ ఉన్న గుడారం తీసుకోండి. జనవరిలో మంచు బాగా కురుస్తుంది, పై కప్పు లేకపోతే తెల్లారేసరికి దుప్పటి పిండుకోవాలి.

సరుగుడు తోట నీడ బాగుంటుంది. రాలిన ఆకు మెత్తటి పరుపులా ఉంటుంది, అగ్గిపుల్లకు అంతే సులువుగా అంటుకుంటుంది కూడా. తోటలో పొయ్యి పెట్టవద్దు, పెడితే బయట తడి ఇసుకలో. ఆ తోటలకు సొంతదార్లుంటారు, కొన్ని ప్రభుత్వానివి. అడిగి వేసుకోండి, గ్రామ పంచాయతీ వాళ్లకు, దగ్గరలోని పోలీసు స్టేషనుకు ఒక మాట చెప్పండి. చెప్పినందుకు వద్దంటే వాళ్ల దగ్గర కారణం ఉంటుంది, వాదించవద్దు. తీరం దగ్గర బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి తాగడానికీ వండడానికీ నీళ్లు వెంట తెచ్చుకోవాలి, మనిషికి ఐదు లీటర్లకు తక్కువ పనికిరాదు. ఊరి తుఫాను షెల్టరు ఎక్కడుందో వెలుగుండగా చూసి పెట్టుకోండి.

నీళ్లలో దిగేముందు

కెరటాలు విరిగే తీరంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నునుపుగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. ఇక్కడ నెమ్మదిగా ఉందని అక్కడే దిగుతారు. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. ఇసుక తిన్నెల మధ్య గండిలోంచి ఆ నీరు మనిషిని లోపలికి లాక్కుపోతుంది. దిగేముందు పది నిమిషాలు ఎత్తైన చోట నిలబడి ఆ పట్టీలు ఎక్కడున్నాయో చూడండి.

లాగుడులో పడితే ఒడ్డు వైపు ఈదకండి, అలసిపోవడమే మిగులుతుంది. తీరానికి సమాంతరంగా పక్కకు ఈదితే కొద్ది దూరంలో ఆ ప్రవాహం బలం తగ్గుతుంది, అప్పుడు కెరటంతో పాటు వెనక్కు రావచ్చు. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలి చెయ్యి ఎత్తాలి. కాపాడతానని ఒట్టి చేతులతో వెనక దూకడం వల్ల ఒకరికి ఇద్దరు పోయిన సంఘటనలు ఎన్నో. ఖాళీ నూనె డబ్బా, గాలి నింపిన ట్యూబు, పొడుగాటి తాడు కారులో పెట్టుకోండి. విసరడానికి ఏదో ఒకటి ఉండాలి. ఈ తీరంలో పిల్లలకు మోకాలు, పెద్దలకు నడుము, అంతకు మించి లోతు ఎవరికీ అక్కర్లేదు.

బయల్దేరే ముందు రోజు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తైన కెరటాల హెచ్చరిక, వాతావరణ శాఖ సూచన చూడండి. తుఫాను లేకున్నా దూర సముద్రం నుంచి వచ్చే పెద్ద కెరటాల గురించి అందులో ముందే చెబుతారు. ఆపద వస్తే 112, 108.

దారి

ఈ తీరాలన్నీ మ్యాపులో ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకే రోజు మూడు చూసేద్దామని బయల్దేరేవాళ్లు మోసపోయేది అక్కడే. తీరం వెంబడి రోడ్డును మొగలు తెంపుతాయి. ఓడలరేవు నుంచి అంతర్వేదికి వెళ్లాలంటే వెనక్కు వచ్చి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి, మళ్లీ కిందకు దిగాలి. పేరుపాలెం నుంచి అంతర్వేదికి నరసాపురంలో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కితే దగ్గర, బండి కూడా ఎక్కిస్తారు. గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా తిరిగి రావాలి. అమలాపురం నుంచి కాకినాడ వైపు అయితే ఎదుర్లంక, యానాం వంతెన.

రైలులో వచ్చేవాళ్లకు పేరుపాలెం, అంతర్వేది రెంటికీ నరసాపురం స్టేషను దగ్గర. హైదరాబాదు నుంచి రాత్రి రైళ్లున్నాయి, తెల్లవారేసరికి దిగుతారు. కోనసీమలోకి రైలు ఇంకా రాలేదు కాబట్టి ఓడలరేవుకు రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో దిగి బస్సు పట్టుకోవాలి. సొంత బండి ఉంటే శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి శనివారం పది గంటలకల్లా తీరం వదిలేయండి. ఆదివారం జనం ఎదురొచ్చేలోగా మీరు వెనక్కు తిరిగి, దారిలో పాలకొల్లులోనో అంబాజీపేటలోనో ఆగి టిఫిను చేయవచ్చు. చలికాలం పొద్దున కాలువ గట్ల మీద మంచు దట్టంగా పడితే, ఎనిమిది దాటేదాకా బండి తీయకండి.